వేలూరు, గుడియాత్తం ప్రాంతంలో పన్ను, ప్రభుత్వ వ్యయం, స్వేచ్ఛా విపణి

తమిళనాడు ఉత్తర సరిహద్దున, పాలారు లోయలో ఉన్న వేలూరు, గుడియాత్తం పట్టణాలూ వాటి పొరుగున ఉన్న ఆంబూరు, వానియంబాడి, పేర్నంబట్టు, రాణిపేటలూ తోళ్లకు, అగ్గిపెట్టెలకు, బీడీలకు, చేనేత లుంగీలకు పేరుపడ్డాయి. వీటిలో ఏ సరుకూ పన్ను ప్రమేయం లేకుండా ఇప్పుడున్న రూపానికి రాలేదు. సుంకం ఎక్కడ వేశారు, ఎవరికి మినహాయించారు, వసూలైన సొమ్ము దేనికి వాడారు అన్నదాన్ని బట్టే ఇక్కడ పరిశ్రమలు పుట్టాయి, పెరిగాయి, చితికాయి. ప్రభుత్వం తప్పుకుంటే విపణి దానంతట అదే చక్కబడుతుందనే వాదానికీ, ప్రభుత్వం పూనుకుంటే తప్ప పేదవాడికి న్యాయం జరగదనే వాదానికీ ఈ ప్రాంత చరిత్రలో సాక్ష్యాలు దొరుకుతాయి. ఆ చరిత్రను దగ్గరగా చూస్తే మాత్రం, ప్రభుత్వానికి దూరంగా తనంత తాను నిలిచిన విపణి అంటూ ఇక్కడ ఏనాడూ లేదని తెలుస్తుంది.

తెలుగువారు రాయవేలూరు అని పిలుచుకునే ఈ ఊరు తెలుగు నేలకు పరాయిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేవి. జిల్లా కేంద్రం అప్పట్లో చిత్తూరు. విభజన తర్వాత అది వేలూరుకు మారింది. 2019లో వేలూరు జిల్లాను మళ్లీ విడదీసి రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలను ఏర్పరిచారు. గుడియాత్తం వేలూరు జిల్లాలోనే ఉంది. అక్కడి నుంచి పలమనేరుకూ చిత్తూరుకూ వెళ్లే దారులు కొద్ది దూరంలోనే ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశిస్తాయి.

నవాబు అప్పులు, రైతు శిస్తు

పద్దెనిమిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఈ నేల ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా ఏలుబడిలో ఉండేది. నవాబు మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల దగ్గర ఎక్కువ వడ్డీకి అప్పులు చేసి, తాలూకాల భూమిశిస్తును వారికి తాకట్టు పెట్టాడు. రైతు కట్టిన శిస్తు చెరువుకో కాలువకో చేరకుండా ప్రైవేటు రుణదాతల వడ్డీ కింద జమయ్యేది. 1785లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో ఈ అప్పుల మీదే సుదీర్ఘ ప్రసంగం చేశాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందు ఆడమ్ స్మిత్ తన గ్రంథంలో, వ్యాపారమూ పాలనా ఒకే చేతిలో ఉన్న కంపెనీ గుత్తాధిపత్యాన్ని తీవ్రంగా ఖండించాడు. స్వేచ్ఛా వాణిజ్య సిద్ధాంతానికి మూలపురుషుడైన స్మిత్ అన్నిటికన్నా ఎక్కువగా ఆక్షేపించిన ఏర్పాట్లలో ఇదొకటి. ప్రభుత్వాన్నీ వ్యాపారాన్నీ రెండు ఎదురెదురు శక్తులుగా ఊహించుకునేవారు ఆర్కాటు కథ తప్పక చదవాలి. ఇక్కడ ఆ రెండూ కలిసే రైతును పీల్చాయి. 1801లో కంపెనీ కర్ణాటక రాజ్యాన్ని పూర్తిగా తన పాలనలోకి తీసుకుంది.

1792లో టిప్పు సుల్తాన్ నుంచి బారామహల్ కంపెనీ వశమైనప్పుడు అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో అక్కడ రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే పద్ధతిని మొదలుపెట్టారు. నేటి తిరుపత్తూరు ఆనాటి బారామహల్‌లోదే. ఈ రైత్వారీ పద్ధతే తర్వాత మద్రాసు రాష్ట్రంలో చాలా భాగానికి వ్యాపించింది. మన్రో 1800 నుంచి 1807 దాకా రాయలసీమలో, అంటే దత్తమండలంలో, కలెక్టరుగా ఉండి, దిగిపోయే ముందు శిస్తును నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. శిస్తు తగ్గితే రైతు బీడు దున్నుతాడు, సాగు పెరిగితే సర్కారు రాబడి నిలబడుతుంది అన్నది ఆయన తర్కం. పన్ను తగ్గించడం వల్లే రాబడి పెరుగుతుందని నేటికీ వినిపించే వాదన తెలుగు నేల మీద రెండు వందల ఏళ్ల కిందటే సర్కారు దస్త్రాలకెక్కింది. పై అధికారులు అప్పుడు ఒప్పుకోలేదు. మన్రో 1820లో గవర్నరుగా తిరిగి వచ్చాకే ఆ తగ్గింపు అమలైంది.

శిస్తు వసూలులో జరిగిన హింసను బయటపెట్టినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. మద్రాసులో స్థిరపడిన ఈ తెలుగు వర్తకుడు 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు పంపాడు. బాకీ రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణపై ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేయక తప్పలేదు. 1855లో వచ్చిన ఆ సంఘం నివేదిక ఆరోపణ నిజమేనని తేల్చింది.

చేతివృత్తులవారి మీద మొతర్ఫా అనే పన్ను ఉండేది. మగ్గానికి, గానుగకు, అంగడికి విడివిడిగా కట్టవలసిన ఈ పన్ను నేతపని ఎక్కువగా ఉన్న గుడియాత్తం వంటి ఊళ్లకు పెద్ద భారం. 1860 దశకం తొలినాళ్లలో ఆదాయపు పన్ను వచ్చిన కాలంలోనే మొతర్ఫా రద్దయింది. రాబడి ఎంతో చూడకుండా పనిముట్టును లెక్కపెట్టి వేసే పన్ను పోయి, రాబడిని చూసి వేసే పన్ను రావడం ఆ కాలానికి పెద్ద మార్పు.

సారా ఆదాయం పోయి అమ్మకపు పన్ను వచ్చింది

భారతదేశంలో సాధారణ అమ్మకపు పన్ను పుట్టుకకు మద్యనిషేధమే కారణం. ఆ కథలో ఉత్తర ఆర్కాటుకు ప్రత్యేక స్థానం ఉంది. 1937లో మద్రాసు ప్రధానమంత్రి అయిన చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ) ఆ ఏడాది అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రవేశపెట్టారు. మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు, 1939 అక్టోబరు 1న ఉత్తర ఆర్కాటుకు విస్తరించారు. మద్రాసు ప్రభుత్వ రాబడిలో కల్లు, సారా ఆదాయం చాలా పెద్ద భాగం. జిల్లా తర్వాత జిల్లా ఎండిపోతుంటే ఖజానాకు గండి పడింది. దాన్ని పూడ్చడానికి రాజాజీ 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. వినోదపు పన్ను, పొగాకు అమ్మకాలపై పన్ను కూడా ఆ ఏడే వచ్చాయి.

వర్తకులు గట్టిగా ఎదిరించారు. అన్ని సరుకుల మీదా వేసే పన్ను చివరికి కొనేవాడి నెత్తినే పడుతుందనీ, ధనవంతుడూ కూలివాడూ ఒకే రేటున కట్టడం న్యాయం కాదనీ విమర్శ వచ్చింది. సారా దుకాణంలో పోసే కూలి డబ్బు మిగిలితే అది బియ్యానికి, గుడ్డకు మళ్లుతుందనీ, అప్పుడు ఆ అంగళ్లవాళ్లే బాగుపడతారనీ ప్రభుత్వ పక్షం బదులు చెప్పింది. రెండు వాదనల్లోనూ సత్యం ఉంది. అమ్మకపు పన్ను పేదవాడి మీద ఎక్కువ బరువు వేస్తుందన్నది అర్థశాస్త్రం ఒప్పుకున్న మాటే. కానీ సారా ఆదాయం అంతకంటే నిరుపేద జేబులోంచే వచ్చేదన్న సంగతి ఆనాటి వర్తకులు మరిచిపోయారు.

1939 అక్టోబరు చివరిలోనే రెండో ప్రపంచ యుద్ధం విషయంలో బ్రిటిష్‌వారితో విభేదించి రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. తర్వాత గవర్నరు పాలనలో మద్యనిషేధాన్ని ఎత్తేశారు గానీ అమ్మకపు పన్నును వదులుకోలేదు. లోటు పూడ్చడానికి వచ్చిన పన్ను, ఆ లోటు తీరాక కూడా ఉండిపోయింది. ప్రభుత్వ వ్యయం మీద పట్టు ఉండాలని వాదించేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. దేశంలోని మిగతా రాష్ట్రాలు క్రమంగా మద్రాసును అనుసరించాయి. రాష్ట్ర ప్రభుత్వాల సొంత రాబడికి ఈ పన్నే వెన్నెముక అయింది. ఆంధ్రప్రదేశ్ 1957లో, మద్రాసు 1959లో తమ తమ కొత్త చట్టాలు చేసుకున్నాయి.

నిషేధమా, రాబడా అన్న చిక్కుముడి తెలుగువారిని కూడా వదల్లేదు. ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం 1954 నవంబరులో పడిపోయింది మద్యనిషేధం ఎత్తివేత విషయంలోనే, అదీ ఒక్క ఓటు తేడాతో. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమ ఫలితంగా 1995 జనవరిలో ఎన్.టి.రామారావు సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఖజానా పరిస్థితి చూపి సడలించింది. తమిళనాడు 2003లో మద్యం చిల్లర అమ్మకాన్ని కూడా టాస్మాక్ అనే ప్రభుత్వ సంస్థకే కట్టబెట్టింది. 1939లో సారా ఆదాయం లేకుండా బతకాలని పన్ను వేసిన ఖజానాకు ఇప్పుడు సారా ఆదాయమూ కావాలి, అమ్మకపు పన్నూ కావాలి.

1954: గుడియాత్తం ఉప ఎన్నిక

రాజాజీ 1952లో ముఖ్యమంత్రిగా తిరిగి అధికారంలోకి వచ్చాక ఆహార ధాన్యాల మీద యుద్ధకాలం నుంచి ఉన్న నియంత్రణలను ఎత్తేశారు. రేషన్ పోతే ధరలు మండిపోతాయని భయపడ్డారు గానీ ఆ చర్య నిలబడింది. మరుసటి ఏడాది ఆయన తెచ్చిన ప్రాథమిక విద్యా పథకం నిలబడలేదు. పిల్లలు పూటబడికి వచ్చి మిగతా పూట ఇంటి పనో కులవృత్తో నేర్చుకోవాలన్నది ఆ పథకం. పిల్లలందరికీ చాలినన్ని బడులు కట్టడానికి, టీచర్లను పెట్టడానికి డబ్బు లేదు కాబట్టి ఉన్న బడినే రెండు పూటలకు పంచుదామన్న లెక్క దాని వెనక ఉంది. లెక్కగా చూస్తే పొదుపే. కానీ ఆ పొదుపు ఎవరి పిల్లల చదువులోంచి కోసి చేస్తున్నదో జనం గ్రహించారు. కులవృత్తి చదువన్న పేరుతో ద్రావిడ ఉద్యమం దాన్ని ఎండగట్టింది. కాంగ్రెసులోనే వ్యతిరేకత పెరిగి 1954లో రాజాజీ తప్పుకున్నారు.

ఏప్రిల్ 13న కె.కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయన శాసనసభ్యుడు కాదు, లోక్‌సభ సభ్యుడు. సభలోకి రావడానికి ఆయన ఎంచుకున్న స్థానం గుడియాత్తం. కమ్యూనిస్టు పార్టీ వి.కె.కోదండరామన్‌ను నిలబెట్టింది. ద్రావిడ నాయకులు పెరియార్, అన్నాదురైల మద్దతు కామరాజ్‌కే దక్కింది. ఆయన గెలిచారు. పూటబడి పథకం అప్పటికే రద్దయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో ఊరూరా బడులు తెరవడం, ఉచిత విద్య, 1956లో మొదలైన మధ్యాహ్న భోజనం వచ్చాయి. బడి లేని ఊరికి బడి, తిండి లేని పిల్లవాడికి తిండి, డబ్బు సంగతి తర్వాత అన్నది ఆయన వరుస. ఖర్చును పెట్టుబడిగా చూసే దృష్టి అది. ఆ దృష్టికి శాసనసభలో చోటిచ్చిన నియోజకవర్గంగా గుడియాత్తం తమిళ రాజకీయ చరిత్రలో నిలిచిపోయింది.

బడిలో అన్నం పెట్టడం కామరాజ్‌తో మొదలైంది కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్, తెలుగువాడైన పిట్టి త్యాగరాయ శెట్టి అధ్యక్షతన, థౌజండ్ లైట్స్‌లోని తన బడిలో తలకు రోజుకు అణా మించకుండా భోజనం పెట్టాలని తీర్మానించింది. హాజరు పెరిగింది. కానీ ప్రాథమిక విద్యానిధి సొమ్మును తిండికి వాడటం చట్టం ఒప్పుకోదని ప్రభుత్వం అభ్యంతరం పెట్టడంతో 1925లో ఆ పథకం ఆగిపోయింది. చదువు ఖర్చు అంటే పలకా బలపమేనా, పిల్లవాడి కడుపు కూడానా అన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఎం.జి.రామచంద్రన్ 1982లో ఈ పథకాన్ని విస్తరించినప్పుడు దివాలా తీస్తామని హెచ్చరించినవారున్నారు. 2001లో సుప్రీంకోర్టు దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటిలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది.

2013 ప్రాంతంలో అమర్త్య సేన్, జాన్ డ్రెజ్ ఒకవైపు, జగదీశ్ భగవతి, అరవింద్ పనగడియా మరోవైపు నిలిచి సాగించిన వాదంలో తమిళనాడు పేరు తరచు వచ్చింది. తిండి, చదువు, వైద్యం మీద ముందుగా ఖర్చుపెడితే ఎదుగుదల వస్తుందని మొదటి పక్షం. ఎదుగుదల వస్తే ఆ ఖర్చుకు డబ్బు అదే వస్తుందని రెండో పక్షం. గుడియాత్తంలో గెలిచిన వ్యక్తి మాత్రం రెండిటినీ విడదీయలేదు. బడులు తెరిచిన మంత్రివర్గంలోనే ఆర్.వెంకట్రామన్ పరిశ్రమల శాఖ చూస్తూ పారిశ్రామిక వాడలు ఏర్పరిచారు.

రాజాజీ 1959లో స్వతంత్ర పార్టీ పెట్టి పర్మిట్లు, లైసెన్సుల పాలన మీద యుద్ధం ప్రకటించారు. మొదటి అధ్యక్షుడు ఆంధ్ర రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా. సహకార వ్యవసాయం పేరుతో రైతు భూమి మీద హక్కు పోతుందన్న భయమే ఆయన్ను అక్కడికి చేర్చింది. వేలూరుకు పొరుగునున్న చిత్తూరు నుంచే రంగా 1962 ఉప ఎన్నికలో లోక్‌సభకు వెళ్లారు. అమ్మకపు పన్ను తెచ్చిన రాజాజీయే స్వేచ్ఛా విపణికి పెద్ద దిక్కు కావడం కొందరికి వింతగా తోచవచ్చు. ఆయన దృష్టిలో మాత్రం పన్ను వేసే అధికారం వేరు, ఎవరు ఏం తయారు చేయాలో నిర్ణయించే అధికారం వేరు. 1967లో ఆయన పార్టీ, రూపాయికి పడి బియ్యం ఇస్తామన్న డి.ఎం.కె.తోనే పొత్తు పెట్టుకుంది.

అగ్గిపెట్టె

సుంకం ఒక పరిశ్రమను ఎలా పుట్టించి, ఎలా నిలబెట్టి, ఎలా కుదించగలదో తెలుసుకోవాలంటే అగ్గిపెట్టెను మించిన పాఠం లేదు. గుడియాత్తాన్ని చిన్న శివకాశి అనడం పరిపాటి. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి తర్వాత చేతితో అగ్గిపెట్టెలు చేసే పెద్ద కేంద్రాల్లో ఇదొకటి.

1922లో ప్రభుత్వం రాబడి కోసం విదేశీ అగ్గిపెట్టెల మీద దిగుమతి సుంకాన్ని బాగా పెంచింది. ఉద్దేశం ఖజానా నింపడమే గాని పరిశ్రమను కాపాడటం కాదు. అయినా ఫలితంగా దేశంలోనే తయారీ లాభసాటి అయింది. స్వీడన్ కంపెనీ సుంకాన్ని తప్పించుకోవడానికి విమ్‌కో పేరుతో ఇక్కడే యంత్రాల ఫ్యాక్టరీలు పెట్టింది. అదే దశకంలో శివకాశి నాడార్లు కలకత్తా వెళ్లి పని నేర్చుకుని వచ్చి చేతిపనితో మొదలుపెట్టారు. దిగుమతి తగ్గి సుంకం రాబడి పడిపోవడంతో 1934లో దేశీయ తయారీ మీద ఎక్సైజు వేశారు. సుంకం పుట్టించిన పరిశ్రమకే సుంకం పడింది.

స్వాతంత్ర్యం తర్వాత ఎక్సైజు రేట్లను మెట్లుగా విడదీశారు. యంత్రాలతో చేసే పెద్ద ఫ్యాక్టరీకి ఎక్కువ, చేతితో చేసే చిన్న కంపెనీకి తక్కువ, కుటీర పరిశ్రమకు మరీ తక్కువ. పుల్లకు మందు అద్దడం, పెట్టె అతకడం, పుల్లలు నింపడం, చీటీ అంటించడం వంటి పనుల్లో వేలాదిమంది ఆడవాళ్లకు ఇంటి దగ్గరే కూలి దొరకడం ఈ తేడా పుణ్యమే. దీనికి మరో ముఖం కూడా ఉంది. ఎక్కువ తయారు చేస్తే పై మెట్టుకు వెళ్లాలి, ఎక్కువ పన్ను కట్టాలి. ఆ భయంతో పెరగగల కంపెనీ పెరగలేదు, లేదా వేరే పేర్లతో ముక్కలైంది. పెరగని కంపెనీ మంచి కూలి ఇవ్వలేదు. పిల్లలతో పని చేయించడం దశాబ్దాల పాటు ఈ పరిశ్రమను వెంటాడిన మచ్చ. ఉపాధిని కాపాడిన రాయితీయే బీదరికాన్ని కూడా అక్కడే నిలబెట్టిందన్న విమర్శను కొట్టిపారేయలేం. అలాగని రాయితీ లేకపోతే ఆ ఆడవాళ్లకు మెరుగైన పని ఏదో ఎదురుచూస్తూ ఉండేదని చెప్పే ధైర్యమూ ఎవరికీ ఉండకూడదు.

1991లో పి.వి.నరసింహారావు ప్రభుత్వం లైసెన్సుల వ్యవస్థను విప్పేయడం మొదలుపెట్టాక కూడా అగ్గిపెట్టె చిన్న పరిశ్రమలకు కేటాయించిన జాబితాలో చాలాకాలం ఉంది. 2015 ఏప్రిల్‌లో ఆ జాబితాలో చివరికి మిగిలిన ఇరవై వస్తువులను తీసేసినప్పుడు అదీ పోయింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు చేతితో చేసినవాటికి 5 శాతం, మిగతావాటికి 18 శాతం వేశారు. కొంత యంత్రంతో, కొంత చేత్తో చేసేవారు ఏ గడిలోకి వస్తారన్న తగాదాలు పెరిగాయి. 2020 ఏప్రిల్ నుంచి అందరికీ 12 శాతం చేశారు. పన్ను పంతుళ్లకు ఒకే రేటు ముచ్చటగానే ఉంటుంది. చేతిపనివాడికి మాత్రం అది 5 నుంచి 12కు పెరగడమే. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి దాన్ని 5 శాతానికి తగ్గించింది.

ఇన్ని మార్పుల మధ్య అగ్గిపెట్టె చిల్లర ధర 2007 నుంచి 2021 డిసెంబరు దాకా రూపాయి దగ్గరే ఉండిపోయింది. మైనం, పొటాషియం క్లోరేట్, రెడ్ ఫాస్ఫరస్, అట్ట ధరలన్నీ పెరిగాకే రెండు రూపాయలైంది. ఇంతలో చవక ప్లాస్టిక్ లైటర్లు వచ్చిపడ్డాయి. వాటిని ఆపాలని 2022లో తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె.స్టాలిన్ కేంద్రానికి రాశారు. 2023 జూన్‌లో కేంద్రం 20 రూపాయల కంటే తక్కువ ఖరీదైన లైటర్ల దిగుమతిని నిషేధించింది. కొనేవాడికి చవక వస్తువు దూరం చేశారని స్వేచ్ఛా వాణిజ్యవాదులు అనవచ్చు. నూరేళ్ల కిందట సుంకంతో పుట్టిన పరిశ్రమ తిరిగి రక్షణ గోడ చాటుకే చేరిందన్నది కాదనలేని సంగతి.

గుడియాత్తం లుంగీ కథ కూడా ఇదే దారిలో నడిచింది. 1985 చేనేత కేటాయింపు చట్టం ప్రకారం మరమగ్గం మీద నేయకూడని వస్తువుల్లో లుంగీ ఉంది. కానీ మరమగ్గాన్ని ఆ చట్టం ఆపలేకపోయింది. అంతకంటే ఎక్కువగా నేతగాణ్ణి ఆదుకున్నది ప్రభుత్వ కొనుగోలు. పొంగలికి పేదలకు ఉచితంగా చీరె, ధోవతి ఇచ్చే పథకాన్ని తమిళనాడు 1983లో మొదలుపెట్టింది. కట్టుకునేవాడికి గుడ్డ, నేసేవాడికి పని అన్నది దాని ఉద్దేశం.

బీడీ

వేలూరు, గుడియాత్తం, పేర్నంబట్టు ఇళ్లలో బీడీ చుట్టే ఆడవాళ్లకు వెయ్యి బీడీల లెక్కన కూలి ఇస్తారు. ఆకు, పొగాకు, దారం కాంట్రాక్టరు ఇస్తాడు. నిజామాబాద్, జగిత్యాల, సిద్దిపేట బీడీ కార్మికులకు ఈ వరుస కొత్తగా చెప్పనక్కర్లేదు. సిగరెట్టుతో పోలిస్తే బీడీ మీద పన్ను ఎప్పుడూ తక్కువే. జీఎస్టీకి ముందు ఏటా ఇరవై లక్షల బీడీల లోపు, యంత్రం లేకుండా చేసేవారికి ఎక్సైజు మినహాయింపు కూడా ఉండేది. అగ్గిపెట్టెలకు పట్టిన గతే ఇక్కడా పట్టింది. లెక్కకు రాని చిన్న ఉత్పత్తిదారులు పెరిగారు.

1976లో చేసిన జంట చట్టాలు ఈ పరిశ్రమకు ప్రత్యేకమైన ఏర్పాటు చేశాయి. బీడీల మీద సెస్సు వసూలు చేసి, ఆ సొమ్మును బీడీ కార్మికుల ఆస్పత్రులకు, పిల్లల ఉపకార వేతనాలకు, ఇళ్లకు, అలాంటి సంక్షేమానికి మాత్రమే ఖర్చు చేయాలన్నాయి. ఎవరి పని మీద పన్ను పడిందో వారికే అది తిరిగి చేరే ఇలాంటి ఏర్పాట్లు మన పన్నుల చరిత్రలో అరుదు. జీఎస్టీ రాకతో అలాంటి సెస్సులను ఎత్తేసినప్పుడు ఇదీ పోయింది. బీడీకి 28 శాతం జీఎస్టీ వేశారు. ఆ సొమ్ము ఉమ్మడి ఖజానాకు పోతుంది, కార్మికుల సంక్షేమం బడ్జెట్ దయ మీద ఆధారపడుతుంది. పన్నుల వ్యవస్థను సులభం చేయడం మంచిదే. కానీ చుట్టే చేతికీ ఆస్పత్రి మంచానికీ మధ్య చట్టం వేసిన తాడు తెగిపోవడం పెద్ద నష్టం. తెలంగాణ ప్రభుత్వం ఆసరా పథకంలో బీడీ కార్మికులకు పింఛను ఇవ్వడం ఈ ఖాళీలో కొంత పూడ్చింది.

2025 సెప్టెంబరు సమావేశంలో జీఎస్టీ మండలి బీడీ మీద రేటును 18కి, తునికాకు మీద 18 నుంచి 5కు తగ్గించాలని నిర్ణయించింది. బీడీ సిగరెట్టు కంటే తక్కువ హానికరం కాదు కనుక పన్ను పెంచాలని వైద్యులు చాలాకాలంగా అడుగుతున్నారు. చుట్టే ఆడవాళ్ల ఉపాధి పోతుందని పరిశ్రమ అంటుంది. ఆరోగ్యం కోసం పన్ను పెంచి, పెరిగిన సొమ్ముతో వాళ్లకు మరో పని చూపడం ఒక్కటే రెండు పక్షాలకూ న్యాయం చేసే దారి. పన్ను పెంచమనేవారూ తగ్గించమనేవారూ రెండో సగం గురించి మాట్లాడటం తక్కువ.

తోళ్లు, సరిహద్దు, పాలారు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో ప్రభుత్వం పచ్చితోళ్ల ఎగుమతి మీద 15 శాతం సుంకం వేసింది. పచ్చితోలు బయటికి పోకుండా ఇక్కడే శుద్ధి కావాలన్నది లక్ష్యం. మద్రాసు రాష్ట్రంలోని టానరీలకు అది ఊతం. 1972లో సీతారామయ్య కమిటీ మరో మెట్టు ఎక్కమంది. సగం శుద్ధి చేసిన తోలు ఎగుమతిని కట్టడి చేసి, పూర్తిగా తయారైన తోలుకు ప్రోత్సాహం ఇవ్వమంది. ఆంబూరు, వానియంబాడి, రాణిపేటలు తోళ్ల మండీల నుంచి బూట్ల ఫ్యాక్టరీల దాకా ఎదగడానికి ఈ విధానం దోహదం చేసింది.

అమ్మకపు పన్ను చరిత్రలో తోళ్ల పేరు మీద ఒక ప్రసిద్ధ తీర్పు ఉంది. మద్రాసు నిబంధనల ప్రకారం, రాష్ట్రంలో శుద్ధి చేసిన తోలుకు పచ్చితోలు కొన్న ధర మీద పన్ను పడేది. బయటి రాష్ట్రంలో శుద్ధి చేసి తెచ్చిన తోలుకు అమ్మిన ధర మీద పడేది. శుద్ధి చేసిన తోలు ధర ఎక్కువ గనుక బయటి సరుకు మీదే భారం ఎక్కువ. మెహతాబ్ మజీద్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1962 నవంబరులో ఈ నిబంధనను కొట్టేసింది. రాజ్యాంగం 304వ అధికరణం ప్రకారం రాష్ట్రాలు పన్ను వేయవచ్చు గాని, పొరుగు రాష్ట్రపు సరుకుకూ సొంత సరుకుకూ తేడా చూపకూడదని చెప్పింది. దేశమంతా ఒకే విపణి అన్న భావనకు పునాది వేసిన తీర్పుల్లో ఇదొకటి.

సరిహద్దు దగ్గర మాత్రం ఆ ఒకే విపణి చాలాకాలం కనిపించలేదు. ఆంధ్రప్రదేశ్ 2005 ఏప్రిల్‌లో వ్యాట్‌కు మారింది, తమిళనాడు 2007 జనవరిలో మారింది. ఆ మధ్యకాలంలో చిత్తూరులో ఒక పద్ధతి, పక్కనున్న కాట్పాడిలో మరో పద్ధతి. నరహరిపేట దగ్గర, క్రిస్టియన్‌పేట దగ్గర లారీలు కాగితాలు చూపించుకుంటూ గంటలకొద్దీ ఆగేవి. జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. రాష్ట్రాలు తమ రేట్లు తాము నిర్ణయించుకునే హక్కును జీఎస్టీ మండలికి అప్పగించి కొన్న సౌకర్యం అది. 1939లో రాజాజీ ఒక్క రాష్ట్ర సభలో చేసినట్టు ఇప్పుడు ఏ ముఖ్యమంత్రీ ఒక లోటు పూడ్చడానికి ఒక సాధారణ పన్ను వేయలేడు.

తోళ్ల లాభానికి అసలు బిల్లు పాలారు కట్టింది. కిలో తోలు తయారీకి దాదాపు 35 లీటర్ల నీరు పడుతుంది. క్రోమియం, ఉప్పు కలిసిన ఆ మురుగు నదిలోకి, పొలాల్లోకి, బావుల్లోకి పోయింది. తోళ్ల వాడల్లో 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో చెడిపోయిందని సర్వేలు చెప్పాయి. కంపెనీ లెక్కల్లో ఈ నష్టం ఎక్కడా కనిపించదు, రైతు బావిలో కనిపిస్తుంది. ఇలాంటి దాచిన ఖర్చును పన్ను రూపంలో ఉత్పత్తిదారుడి మీదే వేయాలని ఆర్థర్ పీగూ 1920లోనే రాశాడు. వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పు ఆ సూత్రానికి భారతీయ చట్టంలో చోటిచ్చింది. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్నారు జస్టిస్ కుల్దీప్ సింగ్. ఒక్కో టానరీకి 10,000 రూపాయల జరిమానా వేశారు. నష్టాన్ని లెక్కకట్టి రైతులకు పరిహారం ఇప్పించే సంస్థను ఏర్పాటు చేయమన్నారు. దేశంలో పర్యావరణ కేసుల్లో తరచు ఉటంకించే తీర్పు ఇది.

అమలు దగ్గరికి వచ్చేసరికి లెక్క తారుమారైంది. ఉమ్మడి మురుగుశుద్ధి కేంద్రాలకు కేంద్రం, రాష్ట్రం గ్రాంట్లు ఇచ్చాయి. అంటే ప్రైవేటు లాభం వెనక మిగిలిన మురికిని కడగడానికి పన్ను సొమ్ము ఖర్చయింది. చిన్న టానరీలు ఆ ఖర్చు సొంతంగా భరించలేవన్నది నిజమే. తాగునీటిని పాడుచేయకుండా నడవలేని వ్యాపారానికి సబ్సిడీ ఇవ్వాలా అన్న ప్రశ్న కూడా అంతే నిజం.

2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుల మీద 50 శాతం దాకా సుంకాలు వేసినప్పుడు ఆంబూరు, రాణిపేట ఎగుమతిదారులు కేంద్రం ఆదుకోవాలని కోరారు. అంతకు ముందే, అదే ఏడాది జనవరి 30న, సుప్రీంకోర్టు పాలారు కాలుష్యం మీద మరోసారి తీర్పు చెప్పింది. 1996 నాటి ఆదేశాలు వచ్చి దాదాపు మూడు దశాబ్దాలైనా నీరు బాగుపడలేదని గుర్తించింది. బాధిత కుటుంబాలకు రావలసిన పరిహారాన్ని ముందు ప్రభుత్వం చెల్లించాలనీ, ఆ మొత్తాన్ని తర్వాత టానరీల నుంచి రాబట్టాలనీ ఆదేశించింది.